పెండ్లి విందుకు ఇంటి మిఠాయిలు: రేటు ఎలా కట్టాలి?

జగిత్యాల, కరీంనగర్, నిర్మల్ ప్రాంతాల్లో యాసంగి నువ్వులు ఏప్రిల్, మే నెలల్లో ఇంటికి వస్తాయి. వైశాఖ మాసపు ముహూర్తాలు కూడా దాదాపు అప్పుడే. అందుకే నువ్వుల లడ్డూలు, అరిసెలు, గరిజెలు బాగా చేసే ఇంటికి పెండ్లి ఆర్డర్లు అడుగుతూ వస్తారు. "కిలో ఎంతకిస్తరు?" అన్న ప్రశ్నకు అక్కడికక్కడే నోటికొచ్చిన రేటు చెప్పేస్తే నష్టపోయేది మీరే.

ముందుగా ఒక ఆర్డరు చూద్దాం. రిసెప్షన్‌కు 300 మంది, మనిషికి రెండు చొప్పున 600 నువ్వుల లడ్డూలు. ఒక్కోటి 25 గ్రాములు వేసుకుంటే 15 కిలోలు. చెరగడంలో, వేయించడంలో, గిన్నెలకు అంటుకోవడంలో కిలో దాకా పోతుంది కాబట్టి 9 కిలోల నువ్వులు, 7 కిలోల బెల్లం తీసుకోవాలి. కింది ధరలు లెక్క అర్థం కావడానికి వేసుకున్నవి. మీ ఊరి ధరలు పెట్టి మళ్లీ కట్టుకోండి.

నువ్వులు కిలో 130 చొప్పున 1170 రూపాయలు. బెల్లం కిలో 60 చొప్పున 420. నెయ్యి, యాలకులు 250. గ్యాస్ 150. అట్టపెట్టెలు, కాగితం 225. ముగ్గురు ఆడవాళ్ల ఒక రోజు కూలి, 400 చొప్పున 1200. ఆటో 300. మొత్తం 3715. విరిగినవి, రుచికి ఇచ్చినవి కలిపి నూటికి 5 వేసుకుంటే సుమారు 3900. అంటే కిలోకు 260 రూపాయలు ఖర్చే అవుతుంది. దానిపై నూటికి 25 లాభం వేస్తే కిలో 325, లడ్డూ ఒక్కింటికి 8 రూపాయలు.

చాలా ఇళ్లలో లెక్క ఇలా ఉండదు. నువ్వులు మన చేనువి, చేసేది మన ఇంటివాళ్లం, వాటికి ఖర్చేముంది అనుకుంటారు. బెల్లం, నెయ్యి, గ్యాస్, పెట్టెలు, ఆటో కలిపితే 1345. అంటే కిలోకు 90 పడింది, 150కి ఇస్తే 60 మిగులుతుందని సంతోషపడతారు. వచ్చేది 2250. అందులో 1345 తీసేస్తే చేతిలో ఉండేది 905. అవే 9 కిలోల నువ్వులు ఆ రోజు మార్కెట్ యార్డులో అమ్మితే 1170 వచ్చేవి, పొయ్యి దగ్గర నిలబడే పనీ ఉండేది కాదు. కాబట్టి మీ పంటకు ఆ రోజు యార్డు ధర, మీ చేతి పనికి ఊర్లో నడిచే కూలి తప్పకుండా వేసుకోండి.

సరుకు ఖర్చుకు రెండింతలు చెప్పాలని కొందరు అంటారు. పై లెక్కలో సరుకు 1840, రెండింతలు 3680. లాభం సంగతి దేవుడెరుగు, ఖర్చు కూడా రాలేదు. సకినాల విషయంలో ఈ సూత్రం ఇంకా మోసం చేస్తుంది. బియ్యం, నువ్వులు, వాము, నూనె కలిపినా సరుకు ఖర్చు తక్కువే, కానీ ఒక్కొక్క చుట్టూ చేత్తో తిప్పాల్సిందే. వాటికి గంటలు లెక్కపెట్టి కూలి వేయాలి. అరిసెలకు బియ్యం నానబెట్టడం, తడి పిండి పట్టించడం, పాకం పట్టడం ఉంటాయి. పాకం ముదిరితే వాయి మొత్తం గట్టిపడుతుంది. నూటికి 5 బదులు 10 వేసుకోవడం మంచిది. భక్ష్యాలైతే ఏ రోజుకారోజు చేసి ఇవ్వాలి కాబట్టి దగ్గరి ఊర్లకే ఒప్పుకోండి.

ఉట్నూరు వైపు ఆదివాసీ మహిళలు చేసే ఇప్ప పువ్వు లడ్డూలను ఇప్పుడు పట్నం వాళ్లు కూడా అడుగుతున్నారు. పువ్వులోనే తీపి ఉంటుంది కాబట్టి బెల్లం తక్కువ పడుతుంది. అయితే తెల్లవారకముందే అడవికి వెళ్లి ఏరడం, ఎండబెట్టడం, శుభ్రం చేయడం కూడా కూలి కిందే రాయాలి. అడవిలో ఊరికే దొరికిందని పువ్వును ఊరికే లెక్కగట్టడం న్యాయం కాదు.

తూకం దగ్గర జాగ్రత్త. లడ్డూలు లెక్కన రేటు మాట్లాడి చేతి అందాజుతో 30 గ్రాములు చుడితే 600 లడ్డూలకు 3 కిలోలు అదనంగా పోతాయి. అంటే 780 రూపాయలు, మీ లాభంలో చాలా భాగం. మొదటి పది లడ్డూలు తూచి చూసుకుని ఆ సైజు పట్టుకోండి.

ఆర్డరు తీసుకునే రోజే తేదీ, సంఖ్య, ఒక్కోదాని బరువు, రేటు, ఎవరు తీసుకెళ్తారో కాగితంపై రాసి ఇద్దరూ సంతకం చేయండి. కనీసం సరుకుకు సరిపోయే అడ్వాన్స్ తీసుకోండి. సగం అయితే మేలు. ముహూర్తం రెండు నెలల దూరంలో ఉంటే బెల్లం ధర మారవచ్చు. ఈ రేటు ఎన్ని రోజుల వరకో కూడా రాయండి. మిగిలినవి తిరిగి తీసుకోమని ముందే చెప్పాలి. క్యాటరింగ్ వాళ్ల ద్వారా వచ్చే ఆర్డరుకు రేటు కొంత తగ్గించవచ్చు, కానీ పై ఉదాహరణలో 260 కిందికి దిగితే ఆ ఆర్డరు వదులుకోవడమే లాభం. దగ్గరి చుట్టాలు తగ్గించమంటే రేటు తగ్గించకండి, అర కిలో ఎక్కువ పెట్టండి. రేటు ఊరంతా తెలుస్తుంది.

అమ్మకం మొదలుపెట్టక ముందే ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ రిజిస్ట్రేషన్ తప్పనిసరి. 2011 నాటి నిబంధనల్లో ఏడాదికి 12 లక్షల లోపు వ్యాపారానికి రుసుము ఏడాదికి 100 రూపాయలు. ఫాస్కాస్ వెబ్‌సైట్‌లో దరఖాస్తు చేయవచ్చు. వచ్చిన 14 అంకెల నంబరును పెట్టెలపై అచ్చు వేయించండి.