షుగరు లేని మనిషికి ఇన్సులిన్ ఎందుకు?

“మా నాన్నకు షుగరు జబ్బే లేదు. ఇన్సులిన్ ఎందుకు ఎక్కిస్తున్నారమ్మా?” ఐ.సి.యు. బయట బెంచీమీద కూర్చున్న కుటుంబాలు నర్సమ్మను తరచుగా అడిగే ప్రశ్న ఇది. లోపల మనిషి వెంటిలేటరు మీద ఉన్నాడు. గంటగంటకూ రక్తపు చుక్క తీస్తున్నారు. ఎవరూ విడమరచి చెప్పకపోతే, వేరొకరి మందు మనవారికి ఇస్తున్నారేమోనన్న భయం కలగడం సహజమే.

ప్రియ చదువరులారా, పెద్ద గాయమైనా, పెద్ద ఆపరేషన్ అయినా, ఒళ్లంతా ఇన్ఫెక్షన్ వ్యాపించినా శరీరం అడ్రినలిన్, కార్టిసాల్ అనే హార్మోన్లను ఎక్కువగా విడుదల చేస్తుంది. అప్పుడు కాలేయం చక్కెరను రక్తంలోకి వదులుతుంది. ఉన్న ఇన్సులిన్ సరిగా పనిచేయదు. అందుచేత ఎన్నడూ షుగరు లేనివారికి కూడా రీడింగు 250, 300 చూపించవచ్చు.

మరి దానిని ఎంతవరకు దించాలి? ఈ విషయంలో వైద్యులు చాలాకాలం ఏకాభిప్రాయానికి రాలేదు. 2001లో బెల్జియం దేశపు లూవెన్ నగరంలో గ్రేటా వాన్ డెన్ బెర్గ్ అనే వైద్యురాలు, ఆమెతోటివారు 1,548 మంది రోగులపై పరిశోధన చేశారు. ఎక్కువమంది గుండె ఆపరేషన్ అయినవారే. చక్కెరను 80–110 మధ్య బిగించి ఉంచినవారిలో ఐ.సి.యు. మరణాలు నూటికి 4.6, మిగతావారిలో 8. ఎన్నో ఆసుపత్రులు ఆ పద్ధతినే పట్టుకున్నాయి. అయితే 2009లో ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, కెనడా మొదలైన దేశాలలో ఆరువేలమందికి పైగా రోగులపై జరిగిన పరిశోధనలో ఫలితం తలక్రిందులైంది. బిగించి ఉంచినవారిలో 90 రోజులలోపు నూటికి 27.5 మంది చనిపోగా, 180 లోపు ఉంటే చాలునన్న వారిలో 24.9 మంది చనిపోయారు. చక్కెర 40కి, అంతకన్నా క్రిందికి పడిపోవడం మొదటివారిలో నూటికి 6.8, రెండోవారిలో 0.5 మాత్రమే.

అసలు ప్రమాదం అక్కడే ఉంది. మెలకువగా ఉన్న మనిషికి చక్కెర పడిపోతే చెమటలు పడతాయి, చేతులు వణుకుతాయి, “ఏదో అయిపోతున్నది” అని చెప్పగలడు. మత్తుమందులో ఉన్న రోగి చెప్పలేడు. కొంతసేపు అలాగే ఉంటే మెదడు దెబ్బతింటుంది. కనుక అతని తరపున ఎవరో ఒకరు లెక్క చూస్తూ ఉండాలి.

ఈ లెక్కకే కంప్యూటరును వాడుతున్నారు. అమెరికాలోని అట్లాంటాలో పాల్ డేవిడ్సన్ మొదలైన వైద్యులు 1980లలోనే గ్లూకమాండర్ అనే ప్రోగ్రాము తయారుచేశారు. దాని సూత్రం పదో తరగతి పిల్లవాడు కూడా చేయగలిగినది. రీడింగులోనుండి 60 తీసివేసి, 0.02తో గుణించాలి. చక్కెర 260 ఉంటే, 200ను 0.02తో గుణించగా గంటకు 4 యూనిట్లు. గంట తరువాత 240కి మాత్రమే దిగిందనుకోండి, ఈ మనిషికి ఇన్సులిన్ చాలడంలేదని గ్రహించి గుణకాన్ని 0.03 చేస్తుంది. అప్పుడు 5.4 యూనిట్లు. ఆ తరువాత 120కి వస్తే అదే గుణకంతో 1.8కి తగ్గిపోతుంది. గోడకు అంటించిన కాగితపు పట్టిక అందరికీ ఒకే మోతాదు చెబుతుంది. ప్రోగ్రాము ఈ రోగి శరీరం ఎలా స్పందిస్తున్నదో చూసి మార్చుకుంటుంది, మరల ఎప్పుడు పరీక్షించాలో గుర్తుచేస్తుంది.

అయినా కంప్యూటరు రోగిని చూడదు. ముక్కులో గొట్టం ద్వారా ఇచ్చే ఆహారాన్ని స్కానింగు కోసం ఆపి, ఆ సంగతి దానికి చెప్పకపోతే అది పాత లెక్కనే సాగిస్తుంది. బి.పి. పడిపోయి చేతులు చల్లబడినవారి వేలి చుక్క తప్పు రీడింగు చూపవచ్చు. ధమనినుండి తీసిన రక్తమే నమ్మదగినది. ఆ విచక్షణ నర్సమ్మదే. రాత్రి మూడు గంటలకు కూడా లేచి చుక్క తీసే ఆమె కోసం మనం ప్రార్థనలో ఎన్నిసార్లు జ్ఞాపకం చేసుకున్నాం?

2023లో లూవెన్ వైద్యులే 9,230 మందిపై కంప్యూటరు లెక్కతో మరల 80–110 ప్రయత్నించారు. చక్కెర ప్రమాదకరంగా పడిపోవడం నూటికి ఒక్కరికే జరిగింది. అంటే యంత్రం ఆ కీడును చాలావరకు తగ్గించింది. కాని రోగులు త్వరగా ఐ.సి.యు. వదిలి వెళ్లలేదు, మరణాలూ తగ్గలేదు. అందుకే సాధారణంగా 180 దాటితే ఇన్సులిన్ మొదలుపెట్టి, 140–180 మధ్య ఉంచుతారు. మీవారి రీడింగు 160 అని విని కంగారుపడవద్దు.

ఇంటివారు చేయవలసినవి కొన్ని ఉన్నాయి. రోగి ఇంతకుముందు షుగరు మాత్రలు, స్టెరాయిడ్ మందులు, నాటువైద్యుని పొడులు ఏమైనా వాడి ఉంటే సిగ్గుపడక డాక్టరుకు చెప్పండి. నీరసంగా ఉన్నాడని గ్లూకోజు నీళ్లు, కొబ్బరినీళ్లు చాటుగా పట్టవద్దు. అయ్యగారు ప్రభువు బల్ల ఇవ్వడానికి వచ్చినా, ద్రాక్షరసం కొద్దిగానైనా ఇవ్వవచ్చునా, మింగగలడా అని ముందుగా నర్సమ్మను అడగాలి.

ఇన్సులిన్ మొదలుపెట్టారంటే జీవితాంతం ఇవ్వాలని కాదు. చాలామందికి జబ్బు తగ్గగానే ఆపేస్తారు. డిశ్చార్జి అయ్యేముందు హెచ్.బి.ఎ.1.సి. పరీక్ష చేశారా అని అడగండి. గడచిన రెండు మూడు నెలల సగటు చక్కెరను అది చూపుతుంది గనుక, షుగరు ముందునుండే తెలియకుండా ఉన్నదా, లేక ఈ జబ్బువల్ల వచ్చినదా అని తేల్చుకోవడానికి సాయపడుతుంది. అయితే రక్తం ఎక్కించినవారికి ఆ పరీక్ష సరిగా చెప్పకపోవచ్చు. వారు ఇంటికి వచ్చి కోలుకున్న తరువాత పరగడుపున రక్తపరీక్ష చేయించుకోవాలి.