వెంట్జ్, ఫోల్స్ పోలిక
అమెరికన్ ఫుట్‌బాల్‌లో జట్టు దాడిని నడిపిస్తూ, బంతిని ఎవరికి అందించాలో నిర్ణయించే ఆటగాడిని క్వార్టర్‌బ్యాక్ అంటారు. ప్రధాన క్వార్టర్‌బ్యాక్ గాయపడితే ఆడడానికి ప్రతి జట్టులోను ఒక ప్రత్యామ్నాయ ఆటగాడు ఉంటాడు. ఈ ఇద్దరి పాత్రలకు ఫిలడెల్ఫియా ఈగల్స్ జట్టు 2017 సీజన్ ప్రసిద్ధమైన ఉదాహరణ.

ప్రధాన ఆటగాడు

2016 డ్రాఫ్టులో రెండవ స్థానంలో ఎంపికైన కార్సన్ వెంట్జ్, 2017లో 13 ఆటలు ఆడి 33 టచ్‌డౌన్ పాసులు వేశాడు. మీదికి వచ్చే రక్షకులను తప్పించుకొని, పరుగెత్తుతూ బంతి విసరడం ఇతని ప్రత్యేకత. డిసెంబరు 10న లాస్ ఏంజెలెస్ రామ్స్‌తో జరిగిన ఆటలో ఇతని ఎడమ మోకాలి లిగమెంటు తెగింది.

ప్రత్యామ్నాయ ఆటగాడు

నిక్ ఫోల్స్ 2012 డ్రాఫ్టులో మూడవ రౌండులో ఎంపికయ్యాడు. ఇతనికి వెంట్జ్‌కున్నంత వేగం లేదు; నిలుచున్న చోటనుండే బంతిని త్వరగా విసరడం ఇతని పద్ధతి. శిక్షకుడు డగ్ పెడర్సన్ వ్యూహాన్ని దానికి అనుగుణంగా మార్చాడు. 2018 ఫిబ్రవరి 4న జరిగిన సూపర్ బౌల్‌లో ఈగల్స్ 41-33 తేడాతో న్యూ ఇంగ్లాండ్ పేట్రియట్స్‌ను ఓడించింది. ఫోల్స్ 373 గజాల పాసులు వేసి, అత్యుత్తమ ఆటగాడుగా ఎంపికయ్యాడు.

పోలిక

సీజన్ గణాంకాలలో వెంట్జ్‌దే పైచేయి. నిర్ణాయకమైన ఆటలలో గెలుపు ఫోల్స్‌ది. అయితే వెంట్జ్ ప్రారంభించిన 13 ఆటలలో జట్టు 11 గెలవడం వల్లనే, సూపర్ బౌల్‌కు ముందరి ప్లేఆఫ్ ఆటలు సొంత మైదానంలో ఆడే అవకాశానికి పునాది పడింది. కనుక ఆ విజయం ఇద్దరిది. ఈగల్స్ మాత్రం భవిష్యత్తుకు వెంట్జ్‌నే ఎంచుకోగా, 2019లో ఫోల్స్ జాక్సన్‌విల్ జట్టులో చేరాడు. 2021లో వెంట్జ్ కూడా ఇండియనాపోలిస్ జట్టుకు మారాడు.