గ్యాస్ పక్కకి పోతే బుల్లెట్ స్పీడ్ తగ్గుతుందా?

గన్ గేమ్స్ ఆడేవాళ్ళ మధ్య ఎప్పుడూ నడిచే గొడవ ఒకటుంది. "బోల్ట్ యాక్షన్‌లో గ్యాస్ మొత్తం బుల్లెట్‌నే తోస్తుంది. సెమీ ఆటోమేటిక్‌లో కొంత పక్కకి పోతుంది, కాబట్టి బుల్లెట్ స్లో." వినడానికి లాజిక్ బానే ఉంది. నంబర్స్ పెట్టి చూద్దాం.

ముందు బేసిక్స్. ట్రిగ్గర్ నొక్కగానే తూటాలో పౌడర్ కాలి గ్యాస్ అవుతుంది, అదే బుల్లెట్‌ని బ్యారెల్‌లో ముందుకి తోస్తుంది. సెమీ ఆటోమేటిక్ రైఫిల్స్‌లో చాలావాటికి బ్యారెల్ గోడకి ఒక చిన్న రంధ్రం ఉంటుంది, దాని పేరు గ్యాస్ పోర్ట్. బుల్లెట్ ఆ రంధ్రం దాటాక కొంచెం గ్యాస్ అందులోకి దూరి ఒక పిస్టన్‌ని వెనక్కి నెడుతుంది. దాంతో బోల్ట్ తెరుచుకుని, ఖాళీ కేస్ బయటికి ఎగిరి, కొత్త తూటా లోపలికి వస్తుంది.

ఇక్కడ అసలు పాయింట్ "బుల్లెట్ దాటాక" అన్న మాట. అంతవరకూ గ్యాస్‌కి అటు దారే లేదు, బుల్లెట్టే అడ్డం ఉంది కదా!

ఎం1 గారాండ్ తీసుకుందాం. స్ప్రింగ్‌ఫీల్డ్ ఆర్మరీలో జాన్ గారాండ్ డిజైన్ చేసిన రైఫిల్. అమెరికా సైన్యం 1936లో తీసుకుంది. బ్యారెల్ 24 అంగుళాలు, గ్యాస్ పోర్ట్ మూతికి సుమారు ఒకటిన్నర అంగుళం ముందు, అంటే 38 మిల్లీమీటర్లు. అక్కడికి వచ్చేసరికి బుల్లెట్ స్పీడ్ సెకనుకి దాదాపు 850 మీటర్లు. భాగించి చూడండి, మిగిలిన దూరానికి పట్టేది 45 మైక్రోసెకన్లు. మీరు ఒకసారి కనురెప్ప వేసేలోపు ఇది రెండు వేల సార్లు జరిగిపోతుంది.

పైగా పోర్ట్ వెడల్పు 2 మిల్లీమీటర్లు, బ్యారెల్ లోపలి వెడల్పు 7.62. వైశాల్యం లెక్కేస్తే పోర్ట్ అందులో పద్నాలుగో వంతు. ఇంత చిన్న కంత, అంత తక్కువ టైమ్. ఎంత గ్యాస్ పోతుంది? పోయినా బుల్లెట్‌ని తోసే పని దాదాపు అయిపోయింది. మా కోడింగ్ భాషలో చెప్పాలంటే, రెస్పాన్స్ యూజర్‌కి వెళ్ళిపోతుండగా లాగ్ రాసుకున్నట్టు. యూజర్‌కి తేడా తెలియదు. ఒకే డబ్బాలోని రెండు తూటాల మధ్యే సెకనుకి ఇరవై ముప్పై అడుగుల తేడా మామూలుగా వస్తుంది, గ్యాస్ పోర్ట్ వల్ల తగ్గేది అందులో కలిసిపోతుంది.

"మరి బోల్ట్ తెరుచుకుంటే వెనక నుంచి లీక్ అవ్వదా?" అవ్వదు. పిస్టన్ కదిలినా, రాడ్ కొంత దూరం వెనక్కి జరిగాకే బోల్ట్ లాక్ వదులుతుంది. ఆపాటికి బుల్లెట్ బ్యారెల్ వదిలి వెళ్ళిపోయి ఉంటుంది.

మన దగ్గరే ఇంకో ఉదాహరణ ఉంది. ఇషాపూర్‌లో తయారైన మన ఆర్మీ పాత 7.62 ఎస్ఎల్ఆర్, బెల్జియం ఎఫ్ఎన్ ఫాల్ కుటుంబానిది. ఆ కుటుంబం రైఫిల్స్‌లో గ్రెనేడ్ ప్రయోగించడానికి గ్యాస్ దారి మూసేసే ఏర్పాటు ఉంటుంది. మూసేస్తే బోల్ట్ చేత్తో లాగాలి, అంతే. అది బుల్లెట్ స్పీడ్ పెంచే బటన్ కాదు.

స్పీడ్ తేడా నిజంగా కనిపించేది బ్యారెల్ పొడవు దగ్గర. ఏకే-47, ఎస్‌కెఎస్ రెండూ గ్యాస్‌తోనే నడుస్తాయి, రెండిట్లో ఒకటే తూటా. 415 మిల్లీమీటర్ల బ్యారెల్‌తో ఏకే 715 మీటర్లు ఇస్తే, 520తో ఎస్‌కెఎస్ 735 ఇస్తుంది. గేమ్‌లో రెండు గన్స్ పోల్చేటప్పుడు ముందు చూడాల్సింది ఇది.

ఇప్పుడు ఇదే కథ తిరగేసి చూడండి, నాకైతే ఇదే అసలు ఇంట్రెస్టింగ్. గ్యాస్ సిస్టమ్ బుల్లెట్ స్పీడ్‌ని పెద్దగా మార్చదు గానీ, స్పీడ్ కోసం పౌడర్ మారిస్తే గ్యాస్ సిస్టమ్ దెబ్బతింటుంది. ఎం16 తూటాకి అమెరికా సైన్యం సెకనుకి 3,250 అడుగుల స్పీడ్ కావాలంది. పాత పౌడర్‌తో ప్రెషర్ హద్దు దాటకుండా అది ప్రతిసారీ రావట్లేదని 1964లో బాల్ పౌడర్‌కి మారారు. స్పీడ్ వచ్చింది. కానీ గ్యాస్ పోర్ట్ దగ్గర ప్రెషర్ పెరిగింది. లోపలి భాగాలు డిజైన్ చేసినదానికన్నా వేగంగా కొట్టుకున్నాయి, మసి కూడా ఎక్కువ పట్టింది. వియత్నాంలో యుద్ధం మధ్యలో రైఫిల్స్ జామ్ అయ్యాయి, సైనికులు చనిపోయారు. క్లీనింగ్ కిట్లు సరిగా ఇవ్వకపోవడం, ఛాంబర్‌కి క్రోమ్ పూత లేకపోవడం కూడా కారణాలే. 1967లో అమెరికా కాంగ్రెస్ ఐకార్డ్ కమిటీ దీన్ని విచారించి, పౌడర్ మార్పుని గట్టిగా తప్పుపట్టింది. తర్వాత బరువైన బఫర్ పెట్టి బోల్ట్ వేగం తగ్గించారు, ఛాంబర్‌కి క్రోమ్ పూత వేశారు.