మా ఆపా చేతులు

గత రజబ్ మాసంలో ఒక గురువారం, ఫజ్ర్ అజాన్‌కు కొద్దిసేపు ముందు, మా పెద్దక్క అల్లాహ్ పిలుపునందుకొని వెళ్ళిపోయింది. అల్లాహ్ ఆమెను క్షమించుగాక! ఆమె సమాధిని విశాలపరచి, కాంతితో నింపుగాక! మేము ఆమెను ఆపా అని పిలిచేవాళ్ళము. పటాన్‌చెరులో మా వీధిలోని హిందూ సోదరీమణులకు ఆమె 'మిషనక్క'.

తెల్లవారేసరికి ఇల్లు నిండిపోయింది. ఒకరు ఖబరస్తాన్ పని చూడటానికి వెళ్ళారు, మరొకరు మస్జిద్‌లో ప్రకటన చేయించారు. ఆడవాళ్ళ మధ్య మాత్రం ఒక ప్రశ్న మెల్లమెల్లగా తిరుగుతున్నది. గుస్ల్ ఎవరు చేయిస్తారు? ఇరవై యేళ్ళకు పైగా మా చుట్టుపక్కల ఏ ఇంట ముస్లిం స్త్రీ మరణించినా ఈ ప్రశ్న పుట్టేది కాదు. ఆపాకు కబురు వెళ్ళేది, ఆపా వచ్చేది. అంతే.

మృతులకు స్నానం చేయించడం ఫర్జె కిఫాయా. అంటే, సమాజంలో కొందరు ఆ బాధ్యత నెరవేరిస్తే తక్కినవారిపై భారం ఉండదు. ఎవ్వరూ ముందుకు రాకపోతే అందరూ దోషులే. ఈ మాట నేను చిన్ననాడే చదువుకున్నాను. అందులోని మొదటి సగాన్ని గట్టిగా పట్టుకొని, రెండవ సగాన్ని ఆపాకు వదిలేసి ఇన్నేళ్ళు నిశ్చింతగా బతికాను. ఆ ఉదయం నన్ను నిలదీసింది ఆ రెండవ సగమే.

మా అబ్బా 1970ల చివర్లో కర్మాగారంలో కొలువు వెతుక్కుంటూ పటాన్‌చెరు వచ్చారు. అప్పటికి రామచంద్రాపురంలో బీహెచ్ఈఎల్ వచ్చి ఎన్నో యేళ్ళయింది. 1972లో ఇక్రిశాట్ వచ్చింది. రహదారికి ఇరువైపులా పొలాలు ఒక్కొక్కటిగా షెడ్లుగా మారుతున్నాయి. అమ్మీ తరచు మంచాన పడేది. ఆపా నాకన్నా పన్నెండేళ్ళు పెద్ద. నా జడ వేసిందీ, నాకు సూరహ్ ఫాతిహా నేర్పిందీ, జ్వరమొస్తే నుదుటిపై తడిగుడ్డ వేసిందీ ఆమే. పదవ తరగతితో చదువు ఆపి మిషను ముందు కూర్చుంది. నేను డిగ్రీ చదివిన ఫీజు మొత్తం ఆ మిషను కిందనుంచి వచ్చినదే. ఆమె శాంతమూర్తి అని రాస్తే మాత్రం అబద్ధమవుతుంది. కుట్టు వంకర పోతే గుడ్డ చేతిలోంచి లాక్కొని మొత్తం విప్పించేది. నాకు తిట్లు పడ్డ జాకెట్లు లెక్కలేనన్ని.

దర్జీపనిలో మిగిలే కట్‌పీసులను ఆమె పారేయనిచ్చేది కాదు. రంగుల వారీగా మూటలు కట్టి, చేతికి పని లేనప్పుడు బొంతలు కుట్టేది. కింద పాత చీరల పొరలు, పైన త్రికోణాలుగా కత్తిరించిన ముక్కలు, అంచు పొడవునా దగ్గర దగ్గరగా చేతికుట్టు. కర్మాగారాల చుట్టూ ఒంటిగది అద్దె ఇళ్ళలో బిహార్ నుంచి, ఒడిశా నుంచి వచ్చిన కుటుంబాలు ఉంటాయి కదా, అక్కడ పుట్టే పసిబిడ్డలకు ఆ బొంతలు వెళ్ళేవి. ప్రతి బొంతలోనూ ఒక మూల ఖాళీగా వదిలేది. బాలింత తన పాత చీరలోంచో, తన తల్లి చీరలోంచో ఒక ముక్క తెచ్చి ఆ మూలలో తానే కుట్టుకోవాలి. కుట్టడం రానివారికి నేర్పేది. వందల మైళ్ళ దూరాన పుట్టిల్లు ఉన్న ఆడపిల్ల ఆ చిన్న ముక్కను సూదితో పట్టుకొని ఏడవటం నేను చూశాను. దీన్ని కళ అంటారని ఆపాకు ఎవరూ చెప్పలేదు. చెప్పినా ఆమె నవ్వి ఊరుకునేది.

సాయంత్రాలు అస్ర్ తరువాత పిల్లలు వచ్చేవారు. ఇంట్లో ఉర్దూ, బడిలో తెలుగు, వీధిలో హిందీ మాట్లాడే పిల్లలు వాళ్ళు. ఉర్దూ లిపి చదవలేని మన పిల్లలకు ధర్మం దూరం కాకూడదని ఆపా ప్రవక్తల గాథలను తన తెలుగులో ఒక పాత లెక్కల పుస్తకం వెనక పేజీలలో రాసుకునేది. ప్రతి ప్రవక్తనూ ఆయన జాతివారి భాషలోనే పంపామని అల్లాహ్ ఖుర్ఆన్‌లో తెలిపాడు కదా, అనేది. హజ్రత్ నూహ్ (అలైహిస్సలాం) కాలపు జలప్రళయం గురించి చెప్పేటప్పుడు ఆమె మంజీర వరదతో మొదలుపెట్టేది. సింగూరు గేట్లు ఎత్తిన రోజు నీటి హోరు విన్న పిల్లలకు ఆ తరువాత కథ వేరే చెప్పనక్కర లేదు.

ఆమె రాసినవాటిలో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది హజ్రత్ హాజిరా గాథ. మా ప్రాంతపు నీటి కథ పాఠకులకు తెలిసే ఉంటుంది. కర్మాగారాల వ్యర్థజలాలు నక్కవాగులో కలిసి, బావులూ బోర్లూ చెడిపోయి, 1990లో పటాన్‌చెరు, బొల్లారం కాలుష్యంపై వ్యాజ్యం సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. పల్లెలకు ట్యాంకర్లతో నీళ్ళు తోలిన రోజులవి. చంకన బిడ్డతో, చేతిలో బిందెతో ట్యాంకరు వెనక పరుగెత్తిన తల్లులను ఆపా చూసింది. సఫా, మర్వా కొండల నడుమ ఏడుసార్లు పరుగెత్తిన తల్లిని ఆమె ఆ తల్లుల నడకతోనే వర్ణించింది. జమ్‌జమ్ ఊట ఉబికిన చోట ఆమె రాసిన వాక్యం చాలా చిన్నది: ఆ నీళ్ళకు రంగు లేదు, వాసన లేదు. మక్కా సంగతి తెలియని పిల్లవాడికి కూడా ఆ వాక్యం విలువ తెలిసేది.

హజ్రత్ అస్మా (రజియల్లాహు అన్హా) వృత్తాంతం చదివినప్పుడల్లా నాకు ఆపా గుర్తుకు వస్తుంది. ఆ మహనీయులతో మమ్మల్ని పోల్చుకునే సాహసం చేయను. అక్క అనే మాట వల్ల మాత్రమే. హజ్రత్ ఆయిషా (రజి)కు ఆమె అక్కగారు, వయసులో సుమారు పదేళ్ళు పెద్ద. హిజ్రత్ వేళ దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) కోసం సిద్ధం చేసిన ఆహారపు మూట కట్టడానికి ఏమీ దొరకకపోతే తన నడికట్టు గుడ్డనే రెండుగా చీల్చారు. 'జాతున్నితాఖైన్' అన్న పేరు ఆ గుడ్డ వల్ల వచ్చినదే. ఆమె కుమారుడు హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ జుబైర్ (రజి) తన తల్లి, పినతల్లి ఇద్దరి దాతృత్వాన్నీ గురించి ఒక మాట చెప్పారు. హజ్రత్ ఆయిషా (రజి) కొంచెం కొంచెంగా కూడబెట్టి ఒకేసారి పంచేవారట. హజ్రత్ అస్మా (రజి) మాత్రం ఏదీ మరునాటికి ఉంచుకునేవారు కారట. మా ఆపా డబ్బాలో కూడా రాత్రికి కుట్టుకూలి మిగిలేది కాదు. దీనిపై మా బావగారికీ ఆమెకూ అప్పుడప్పుడు మాటామాటా వచ్చేది. బావగారి కోపంలోనూ న్యాయముంది. ఇంటి అద్దె నెల నెలా కట్టవలసినవారు ఆయనే.

ఇక గుస్ల్ సంగతి. దైవప్రవక్త (స) కుమార్తె మరణించినప్పుడు ఆమెకు స్నానం చేయించిన అన్సారీ మహిళ హజ్రత్ ఉమ్మె అతియ్యా (రజి) ద్వారానే ఆ విధానం మనకు చేరింది. నీటిలో రేగు ఆకులు వేయాలి. బేసి సంఖ్యలో, మూడుసార్లో అయిదుసార్లో, అవసరమైతే ఇంకా ఎక్కువసార్లు స్నానం చేయించాలి. కుడి వైపునుంచి, వుజూ చేసే అవయవాలనుంచి మొదలుపెట్టాలి. చివరి నీటిలో కర్పూరం కలపాలి. జుట్టును మూడు జడలుగా అల్లాలి. యుద్ధాలలో గాయపడినవారికి సేవ చేసిందీ, సైనికులకు అన్నం వండిందీ ఆ ఉమ్మె అతియ్యాయే. ఆపా ఈ హదీసును కంఠతా పట్టింది. మా పెరట్లో రేగు చెట్టును కొట్టేద్దామని అన్నయ్య ఎన్నిసార్లు అన్నా ఒప్పుకోలేదు.

ఆమె ఇనుప పెట్టెలో ఎప్పుడూ మూడు కఫన్లు సిద్ధంగా ఉండేవి. స్త్రీకి అయిదు వస్త్రాలు: ఇజారు, కమీజు, ఓఢ్నీ, సీనాబంద్, పైన కప్పే చాదరు. జీవితమంతా కుట్టుమీదే గడిపిన మనిషి కఫన్‌ను మాత్రం కుట్టు లేకుండా కత్తిరించేది. డబ్బు తీసుకునేది కాదు, భోజనానికి ఆగేది కాదు. తాను చూసినదేదీ ఎవరికీ చెప్పేది కాదు. ఒకసారి ఒక ఇంటినుంచి వచ్చి రెండు రోజులు అన్నం ముట్టలేదు. ఏమైందని అడిగితే, "అది ఆమెకూ అల్లాహ్‌కూ మధ్య ఉన్నది," అన్నది. మరుసటి వారంనుంచి ఆ ఇంటి ఇద్దరు ఆడపిల్లలు మా ఇంట్లో కుట్టు నేర్చుకోవడం మొదలుపెట్టారు.

నన్ను రమ్మని ఆమె ఎన్నిసార్లు పిలిచిందో! "ఒక్కసారి నీళ్ళు పోయి చాలు," అనేది. నాకు భయం. పరీక్షలు, పిల్లలు, తలనొప్పి, ఏదో ఒక వంక చెప్పేదాన్ని. మూడేళ్ళ కిందట ఆమె మూత్రపిండాలు చెడిపోయాయి. డయాలిసిస్ కోసం ఎడమచేతికి ఫిస్టులా పెట్టారు. ఆ చేతితో బరువెత్తకూడదన్నారు. అప్పుడు కూడా, నిండు బకెట్టు ఎత్తలేక ఆమె అవస్థపడుతుంటే, నేను తలుపు బయట నిలబడి ఇతరులను పిలిచానే తప్ప లోపలికి అడుగు పెట్టలేదు.

2025 జూన్ 30న పాశమైలారంలో ఒక ఔషధ కర్మాగారంలో పేలుడు జరిగి నలభై మందికి పైగా కార్మికులు మరణించారు. వారిలో చాలామంది ఇతర రాష్ట్రాలనుంచి పొట్టచేత పట్టుకొని వచ్చినవారు. గుర్తుపట్టలేని దేహాలకు డీఎన్ఏ పరీక్షలు జరిగాయి. బంధువులు పటాన్‌చెరు ఆసుపత్రి దగ్గర రోజుల తరబడి కాచుకున్నారు. డయాలిసిస్ ముగించుకొని వచ్చిన ఆపా ఆ సాయంత్రమే పిండి కలిపించింది. రొట్టెలు కట్టుకొని ఆటోలో వెళ్ళాము. ఎవరు, ఏ ఊరు అని నేను అడగబోతే వారించింది. ముందు నీళ్ళు తాగనిమ్మన్నది. ఒక వృద్ధురాలు ఆమె చెయ్యి పట్టుకొని ఒడియాలో చాలాసేపు ఏదో చెప్పింది. ఆపాకు ఒక్క మాట కూడా అర్థం కాలేదు. చివరిదాకా కూర్చొని విన్నది. ఆమె పట్టుకున్నది సూదులు గుచ్చిన ఎడమచెయ్యి. ఆపా దాన్ని వెనక్కి తీసుకోలేదు.

ఆ గురువారం ఉదయం నేను పెరట్లోకి వెళ్ళి రేగు ఆకులు కోశాను. ముళ్ళు గుచ్చుకున్నాయి. ఆపా దగ్గర కుట్టు నేర్చుకున్న ఇద్దరు అమ్మాయిలు నీళ్ళు కాచారు. తఖ్తా చుట్టూ దుప్పట్లు కట్టి పరదా చేశాము. ఆమె దేహంపై గుడ్డ తొలగకుండా, ఒక చేతికి వస్త్రం చుట్టుకొని, బిస్మిల్లాహ్ అని మొదలుపెట్టాను. నా చేతులు వణికాయి. ఎడమచేతి ఫిస్టులా దగ్గర చర్మం ఇంకా ఉబ్బెత్తుగా ఉన్నది. అక్కడ నీళ్ళు నెమ్మదిగా పోశాను, నొప్పి కలుగుతుందేమో అన్నట్టు. కుడిచేతి చూపుడువేలి కొన మీద సూదిపోట్ల కాయ అలాగే ఉన్నది. జుట్టు చాలా పలచబడిపోయింది. మూడు జడలు అల్లడానికి ఎంతోసేపు పట్టలేదు. మొదటి జడ వంకర పోయింది. విప్పి మళ్ళీ అల్లాను.

పెట్టెలోని మూడు కఫన్లలో ఒకటి ఆమెకే వాడాము. జుమా రాత్రి మొదలవక ముందే జనాజా నమాజు, ఖననం పూర్తయ్యాయి.

రమజాన్‌కు వారం ముందు ఆపా ఫోను మోగింది. దాన్ని ఆపేయడానికి మాకెవరికీ మనసు రాలేదు. ఇస్నాపూర్‌నుంచి ఒక యువకుడు, మాట బిహారీ యాసలో ఉన్నది. భార్య రాత్రి చనిపోయిందనీ, ఇక్కడ తమకు ఆడదిక్కు ఎవరూ లేరనీ, ఎవరో ఈ నంబరు ఇచ్చారనీ చెప్పాడు. ఆపాజాన్ ఉన్నారా అని అడిగాడు. చిరునామా రాసుకున్నాను. పెట్టెలోంచి రెండవ కఫన్ తీసి, కర్పూరం పొట్లం వెతికి, రేగు ఆకులు కోసుకొని ఆటో ఎక్కాను. బొంతల మూటలో పూర్తయిన బొంత ఒకటి మిగిలి ఉన్నది. ఆ ఇంట్లో నెలల బిడ్డ ఉన్నదని అతను చెప్పాడు, అందుకని దాన్ని కూడా తీసుకొన్నాను.