పద్దుల్లో కనబడని అప్పు

బ్రిటన్‌కు చదువుకోవడానికి వెళ్లే మన పిల్లలు వీసా ఫీజుతోపాటు ఏడాదికి 776 పౌండ్ల చొప్పున ఆరోగ్య సర్‌చార్జీ కడతారు. కోర్సు ఎన్నేళ్లయితే అన్నేళ్లకూ ముందే కట్టేయాలి. ఉద్యోగానికి వెళ్లేవాళ్లకైతే మామూలుగా అది 1,035 పౌండ్లు. ఆ డబ్బు కట్టినవాళ్లకు అక్కడి ప్రభుత్వ వైద్య వ్యవస్థ ఎన్‌హెచ్‌ఎస్ తలుపులు తెరుచుకుంటాయి. డాక్టరుకు చూపించుకున్నా, ఆపరేషన్ చేయించుకున్నా చేతికి బిల్లు రాదు. ఆ దేశస్థులకు 1948 జులై 5 నుంచీ బిల్లు లేని ఈ పద్ధతే.

అలాంటి ఎన్‌హెచ్‌ఎస్‌ను ప్రైవేటుపరం చేసేస్తున్నారన్న గోల నలభై ఏళ్లుగా ప్రతి ఎన్నికలోనూ వినిపిస్తుంది. అధికారంలో ఉన్నవాళ్లు ‘అబ్బే, లేదు’ అంటారు. మాట వరసకు అది నిజమే. టెలిఫోన్లు, గ్యాసు, ఇంగ్లండ్‌లో మంచినీళ్లు, చివరికి రైళ్లు కూడా కన్సర్వేటివ్ ప్రభుత్వాలు అమ్మేశాయి. ఆసుపత్రుల జోలికి మాత్రం అలా వెళ్లలేదు. వెళ్తే ఓట్లు రాలవని నాటి కన్సర్వేటివ్ ప్రధాని థాచర్‌కూ తెలుసు. అయినా గోల ఆగలేదంటే కారణముంది. ఇక్కడ ప్రైవేటీకరణ అమ్మకం దస్తావేజు రూపంలో రాలేదు, ఆర్థికశాఖ పద్దుల్లోంచి వచ్చింది.

ముందు ఒక మాట చెప్పుకోవాలి. ఎన్‌హెచ్‌ఎస్ ఏనాడూ నూటికి నూరుపాళ్లు సర్కారుది కాదు. దాన్ని స్థాపించిన లేబర్ మంత్రి అనూరిన్ బెవాన్ ఆసుపత్రులను జాతీయం చేశాడు కానీ, వీధి చివర ఉండే జీపీ డాక్టర్లను ఉద్యోగులుగా మార్చలేకపోయాడు. వాళ్లు ఒప్పుకోలేదు. ఈనాటికీ చాలామంది జీపీలు ప్రభుత్వంతో కాంట్రాక్టు రాసుకుని సొంతంగా క్లినిక్ నడుపుకునేవాళ్లే. ఉచితం అన్న మాటకూ తొందరగానే తూట్లు పడ్డాయి. కట్టుడు పళ్లకు, కళ్లద్దాలకు డబ్బు వసూలు చేయాలన్నప్పుడు 1951లో బెవాన్ పదవి వదులుకున్నాడు. మరుసటి ఏడాది మందుల చీటీకీ రుసుము పెట్టారు.

1983 నుంచి ఆసుపత్రుల్లో ఊడ్చే పని, బట్టలుతికే పని, వంట పని టెండర్లకు వెళ్లాయి. 1990 చట్టం ఎన్‌హెచ్‌ఎస్‌ను రెండుగా చీల్చింది: వైద్యం చేసే ఆసుపత్రులు అమ్మకందార్లు, వాటికి డబ్బిచ్చే సంస్థలు కొనుగోలుదార్లు. అన్నీ ప్రభుత్వానివే, అయినా వాటి మధ్య బేరసారాలు. అప్పటికి వైద్యంలోకి బయటివాడు రాలేదు. వస్తే కూర్చోవడానికి పీట మాత్రం వేసి ఉంచారు.

అసలు కథ 1992లో జాన్ మేజర్ ప్రభుత్వం తెచ్చిన పీఎఫ్ఐ అనే పథకంతో మొదలవుతుంది. దాన్ని పెద్దఎత్తున వాడింది మాత్రం తర్వాత వచ్చిన లేబర్ నాయకులు టోనీ బ్లెయిర్, గోర్డన్ బ్రౌన్. ఆసుపత్రులు పాతబడ్డాయి, కొత్తవి కట్టాలి. కానీ దేశం అప్పు జీడీపీలో 40 శాతం దాటనివ్వనని బ్రౌన్ తనకు తానే గిరి గీసుకున్నాడు. లేబర్ వస్తే ఖజానా ఖాళీ అన్న పేరు పోగొట్టుకోవాలన్న ఆరాటం అది. ఆసుపత్రులూ కావాలి, అప్పూ కనబడకూడదు.

పీఎఫ్ఐ ఆ ముడి విప్పింది. ఒక ప్రైవేటు కూటమి అప్పు తెచ్చి ఆసుపత్రి కడుతుంది. ఆసుపత్రిని నడిపే ఎన్‌హెచ్‌ఎస్ ట్రస్టు పాతికేళ్లో ముప్పై ఏళ్లో ఏటా వాయిదా చెల్లిస్తుంది. ఆ వాయిదాలోనే భవనం ఖర్చు, వడ్డీ, లాభం, మరమ్మతులు, తరచుగా శుభ్రం చేసే పనీ కలిసి ఉంటాయి. ధరలతోపాటు అదీ పెరుగుతుంది. చాలా ఒప్పందాల్లో ఆ బాకీ జాతీయ అప్పు లెక్కలోకి రాలేదు. బ్యాంకు తక్కువ వడ్డీకి అప్పిస్తానంటున్నా, ఊళ్లో అప్పులవాడన్న పేరొస్తుందని మేస్త్రీ చేతే ఇల్లు కట్టించుకుని ముప్పై ఏళ్లు అతనికి అద్దె కట్టే పెద్దమనిషిని ఊహించుకోండి. ప్రభుత్వానికి దొరికినంత చవకగా అప్పు ఏ కంపెనీకీ దొరకదు. ఆ తేడా అంతా రోగుల కోసం పెట్టాల్సిన డబ్బులోంచే పోయింది.

హాలిఫాక్స్ పట్టణంలోని కాల్డర్‌డేల్ రాయల్ ఆసుపత్రిని చూడండి. కట్టడానికి సుమారు 6.4 కోట్ల పౌండ్లయింది. ఒప్పందం ముగిసేనాటికి చెల్లించేది 77 కోట్ల పైమాటే. ఇందులో ఏళ్ల తరబడి నిర్వహణ ఖర్చూ ఉంది కాబట్టి రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టి దోపిడీ అనేయడం సరికాదు. కానీ నారిచ్ నగరం సంగతి వేరు. అక్కడ 22.9 కోట్ల పౌండ్లతో కట్టిన ఆసుపత్రి 2001లో మొదలైంది. కట్టుబడి పూర్తయ్యాక నష్టభయం తగ్గింది, వడ్డీ రేట్లూ దిగాయి. 2003లో ఆ కూటమి పాత అప్పు తీర్చేసి చవకగా కొత్త అప్పు తెచ్చుకుంది. ఆ ఒక్క మార్పిడితో 11 కోట్లకు పైగా మిగిలింది. ట్రస్టుకు దక్కింది మూడున్నర కోట్ల లోపే, మిగతాది మదుపుదార్లకు. వాళ్ల రాబడి రేటు 19 శాతం నుంచి 60 శాతానికి ఎగబాకింది. పార్లమెంటు పద్దుల సంఘం 2006లో దీన్ని కడిగిపారేసింది. నష్టభయం ప్రైవేటువాడు మోస్తాడు కాబట్టే ఎక్కువ చెల్లిస్తున్నామన్నది పీఎఫ్ఐకి చెప్పిన ప్రధాన సమర్థన. భయం తీరాక వచ్చిన లాభం కూడా ఎక్కువ భాగం వాడికే పోయింది.

ఎన్‌హెచ్‌ఎస్ మొత్తం మీద దాదాపు 1,300 కోట్ల పౌండ్ల పెట్టుబడికి 8,000 కోట్లు చెల్లించాల్సి వస్తుందని ఐపీపీఆర్ అనే పరిశోధన సంస్థ 2019లో లెక్కగట్టింది. వాయిదా ఆపడానికి వీల్లేదు. నర్సు పోస్టు ఖాళీగా ఉంచవచ్చు, వార్డు మూయవచ్చు, కంపెనీ బాకీ మాత్రం ముందు కట్టాలి. 2012లో సౌత్ లండన్ హెల్త్‌కేర్ ట్రస్టు చేతులెత్తేసినప్పుడు దాని నష్టాల్లో రెండు పీఎఫ్ఐ ఆసుపత్రుల వాయిదాలది పెద్ద వాటా.

నష్టభయం చివరికి ఎవరి నెత్తిన పడుతుందో 2018 జనవరిలో కారిలియన్ అనే భారీ నిర్మాణ కంపెనీ దివాలా తీసినప్పుడు తేలింది. లివర్‌పూల్‌లో, బర్మింగ్‌హామ్ పక్కన స్మెథ్విక్‌లో రెండు పెద్దాసుపత్రులు సగంలో నిలిచిపోయాయి. మొదటిది 2022లో, రెండోది 2024లో ప్రభుత్వ డబ్బుతో తెరుచుకున్నాయి. హించింగ్‌బ్రూక్ ఆసుపత్రిదీ ఇలాంటి కథే. 2012లో దాని యాజమాన్యాన్ని సర్కిల్ అనే కంపెనీకి పదేళ్లకు అప్పగించారు. నష్టం ఒక హద్దు దాటితే తప్పుకునే హక్కు ఒప్పందంలోనే ఉంది. మూడేళ్లు తిరక్కముందే కంపెనీ తప్పుకుంటానంది. ప్రభుత్వానికి అలా తప్పుకునే వీలెక్కడిది? ఊరికి ఆసుపత్రి ఉండాల్సిందే కదా.

2018 బడ్జెట్లో కొత్త పీఎఫ్ఐ ఒప్పందాలకు స్వస్తి చెప్పారు. అంతకు ముందే మరో జబ్బు మొదలైంది. 2010లో కన్సర్వేటివ్‌ల నాయకత్వంలో వచ్చిన సంకీర్ణ ప్రభుత్వం పొదుపు పేరుతో ఎన్‌హెచ్‌ఎస్ నిధుల పెరుగుదలను చరిత్రలో ఎన్నడూ లేనంతగా బిగించింది. రోజువారీ ఖర్చులకు చాలక, భవనాలకూ యంత్రాలకూ కేటాయించిన సొమ్ములోంచి 2014 తర్వాత ఐదేళ్లలో 430 కోట్ల పౌండ్లు మళ్లించారు. కింగ్స్ లిన్‌లోని ఆసుపత్రిలో నాసిరకం కాంక్రీటు పైకప్పు కూలకుండా వేల సంఖ్యలో ఇనుప ఊతాలు నిలబెట్టారు. వాటి మధ్యే మంచాలు, వాటి మధ్యే నర్సుల రాకపోకలు. ఇంగ్లండ్‌లో చికిత్స కోసం ఎదురుచూసే జాబితా 2010లో సుమారు 25 లక్షలు, 2023లో 77 లక్షలు. కోవిడ్ ఒక కారణమే, కానీ అది రాకముందే జాబితా 45 లక్షలు దాటింది.

ప్రైవేటుకు అసలైన గిరాకీ ఈ జాబితాలోనే పుట్టింది. తుంటి మార్పిడికి ఏడాది ఆగలేని ముసలావిడ దాచుకున్న డబ్బు తీసి ప్రైవేటులో చేయించుకుంటుంది. ఆమెను ఎవరూ గెంటలేదు, అలాగని ఆమె కోరుకుని వెళ్లిందీ కాదు. ఎన్‌హెచ్‌ఎస్ కూడా జాబితా తగ్గించడానికి ప్రైవేటు క్లినిక్‌ల నుంచి ఆపరేషన్లు కొంటోంది. మొత్తం ఖర్చులో ప్రైవేటు సంస్థలకు పోయేది దాదాపు 7 శాతమే కాబట్టి అంతా అమ్మేశారన్న మాట అతిశయోక్తే. కానీ ఇంగ్లండ్‌లో ఎన్‌హెచ్‌ఎస్ డబ్బుతో జరిగే కంటిశుక్లాల ఆపరేషన్లలో సగానికి పైగా ఇప్పుడు ప్రైవేటు క్లినిక్‌లే చేస్తున్నాయి. తేలిక కేసులు అటు పోతే, చిక్కు కేసులు పెద్దాసుపత్రికి మిగులుతాయి. చేయి తిరగాల్సిన కుర్ర డాక్టర్లకు తేలిక కేసులు దొరకవు.

ఆరోగ్యశ్రీ వచ్చాక సర్కారు సొమ్ము కార్పొరేట్ ఆసుపత్రులకు చేరడం చూసినవాళ్లం కనుక మనకిది కొత్తగా తోచదు. తేడా ఏమిటంటే, మన దగ్గర ప్రభుత్వాసుపత్రి బలహీనంగా ఉండగా ప్రైవేటును పిలిచారు. బ్రిటన్‌లో ప్రపంచం మెచ్చిన వ్యవస్థ చేతిలో ఉండగా, అప్పు అంకె పెరుగుతుందన్న భయంతో దాన్ని బలహీనపడనిచ్చారు. ఆ భయం పార్టీ మారినా పోలేదు. 2024లో లేబర్ తిరిగొచ్చింది. ఆర్థికమంత్రి రేచల్ రీవ్స్ కూడా అప్పుకు గట్టి నిబంధనలు పెట్టుకుంది. 2025 నవంబర్ బడ్జెట్లో ప్రకటించిన బస్తీ ఆరోగ్య కేంద్రాల్లో కొన్నింటిని ప్రభుత్వ, ప్రైవేటు భాగస్వామ్యంలో కట్టిస్తామంది. పాత పీఎఫ్ఐ తప్పులు మళ్లీ జరగవని మాటిచ్చింది. ఆ పాత ఒప్పందాలు ఇంకా పూర్తి కాలేదు, వాటి వాయిదాలు 2040ల దాకా నడుస్తాయి.