విషవాయువులకు కళ్లెం

1915 ఏప్రిల్ 22వ తేదీ. ఐరోపాలో మొదటి ప్రపంచ యుద్ధం సాగుతున్న రోజులు. బెల్జియం దేశంలో ఈప్ర్ అనే పట్టణం సమీపాన మిత్రదేశాల సైనికులు కందకాలలో కాపు కాస్తున్నారు. సాయంత్రం అయిదు గంటల వేళ జర్మన్ సైన్యం ఉన్న దిక్కు నుంచి పసుపు కలిసిన ఆకుపచ్చని పొగ ఒకటి నేలను అంటిపెట్టుకొని మెల్లగా రాసాగింది. అది క్లోరిన్ వాయువు. గాలికంటే బరువైనది కావడం వల్ల అది నేరుగా కందకాలలోకి దిగింది. సైనికుల కళ్లు మండాయి, గొంతులు బిగుసుకుపోయాయి. ఊపిరాడక ఎందరో ఉన్నచోటనే ప్రాణాలు విడిచారు. ఆనాడు జర్మన్ సైన్యం వేలాది సిలిండర్ల మూతలు విప్పి 150 టన్నులకు పైగా క్లోరిన్‌ను గాలివాటున వదిలింది.

నాలుగు రోజుల తరువాత, ఏప్రిల్ 26న, భారతీయ సైనికులతో కూడిన లాహోర్ డివిజన్ అదే ప్రాంతంలో ఎదురుదాడికి దిగింది. వారిమీద కూడా విషవాయువు వచ్చి పడింది. విషవాయువును ఆపే ముసుగులు వారికి లేవు. ముక్కుకు, నోటికి అడ్డుపెట్టుకున్న తడిగుడ్డలే వారికి రక్ష. తమ అధికారులు నేలకొరగగా మీర్ దస్త్ అనే జమేదారు మిగిలిన సైనికులను కూడగట్టుకొని నిలబడ్డాడు. గాయపడిన ఎనిమిదిమంది అధికారులను సురక్షిత స్థలానికి చేర్చడంలో తోడ్పడ్డాడు. అందుకుగాను ఆయనకు విక్టోరియా క్రాస్ పతకం లభించింది. విషవాయు యుద్ధం మొదలైన తొలిరోజులలోనే మన దేశపు సైనికులు దాని బారిన పడ్డారన్నమాట.

ఆ దాడికి ఏర్పాట్లు చేసినవాడు ఫ్రిట్జ్ హేబర్ అనే జర్మన్ రసాయన శాస్త్రవేత్త. గాలిలోని నత్రజని నుంచి అమ్మోనియా తయారుచేసే పద్ధతిని కనిపెట్టినవాడు కూడా ఆయనే. నేడు పొలాల్లో చల్లే యూరియా వంటి ఎరువులకు ఆ అమ్మోనియాయే మూలం. ఆ పరిశోధనకు ఆయన 1918వ సంవత్సరపు నోబెల్ బహుమతి పొందాడు. పంటను పెంచిన విద్య, ప్రాణాన్ని తీసిన విద్య ఒకే మనిషి చేతిలో ఉన్నాయి. రసాయనాల విషయంలో ప్రపంచ దేశాలకు ఎదురైన చిక్కంతా ఇందులోనే ఉంది. మంచికి పనికివచ్చే పదార్థమే చెడుకూ పనికివస్తుంది. అటువంటప్పుడు దేనిని నిషేధించాలి? ఎలా నిషేధించాలి?

నిజానికి ఈప్ర్ దాడి జరిగేనాటికే విషవాయువులను వాడబోమన్న మాట ఒకటి ఉంది. 1899లో నెదర్లాండ్స్‌లోని హేగ్ నగరంలో సమావేశమైన దేశాలు, ఊపిరాడకుండా చేసే వాయువులను వెదజల్లే గుండ్లను యుద్ధంలో ప్రయోగించరాదని ప్రకటన చేశాయి. జర్మనీ కూడా అందుకు ఒప్పుకున్నదే. అయినా ఈప్ర్ దగ్గర వాయువు వచ్చింది గుండ్ల నుంచి కాదు, సిలిండర్ల నుంచి కదా అన్న వాదం పుట్టింది. మాటలోని సందు చూసుకొని మాట తప్పడం అంటే ఇదే. త్వరలోనే బ్రిటన్, ఫ్రాన్స్ కూడా విషవాయువులను ప్రయోగించాయి. ఆ యుద్ధంలో విషవాయువుల వల్ల సుమారు 90 వేలమంది మరణించారని అంచనా. చూపు దెబ్బతిన్నవారు, ఊపిరితిత్తులు పాడై జీవితాంతం బాధపడినవారు లక్షల సంఖ్యలో ఉన్నారు.

యుద్ధం ముగిసిన తరువాత ప్రపంచం మరొకసారి మాట ఇచ్చింది. 1925 జూన్ 17న జెనీవాలో కుదిరిన ఒప్పందం యుద్ధంలో విషవాయువులను, రోగక్రిములను ప్రయోగించడాన్ని నిషేధించింది. ఇది గొప్ప ముందడుగే. కాని ఇందులో రెండు పెద్ద లోపాలు ఉన్నాయి. ప్రయోగించకూడదని చెప్పిందే గాని తయారు చేయకూడదని, దాచుకోకూడదని చెప్పలేదు. ఎవరైనా మాట తప్పితే కనిపెట్టే ఏర్పాటు కూడా చేయలేదు. "మామీద ప్రయోగిస్తే మేమూ ప్రయోగిస్తాం" అని ముందుగానే షరతు పెట్టి సంతకం చేసిన దేశాలు చాలా ఉన్నాయి. ఫలితంగా ప్రతి దేశమూ పొరుగు దేశాన్ని అనుమానించింది. అనుమానంతో తన గిడ్డంగులను నింపుకున్నది.

ఆ లోపాల ఫలితం త్వరలోనే కనిపించింది. 1935లో ఇథియోపియాపై దండెత్తిన ఇటలీ, తాను సంతకం చేసిన ఒప్పందాన్ని తానే కాలదన్ని మస్టర్డ్ వాయువును ప్రయోగించింది. ఇథియోపియా చక్రవర్తి హైలీ సెలాసీ 1936లో జెనీవాకు వెళ్లి నానాజాతి సమితి ముందు తన ప్రజల గోడు వినిపించాడు. విన్నారేగాని ఆదుకున్నవారు లేరు. 1980 నుంచి 1988 వరకు సాగిన యుద్ధంలో ఇరాక్ దేశం ఇరాన్ సైనికులపై పలుమార్లు రసాయనాయుధాలు ప్రయోగించింది. 1988 మార్చి 16న ఇరాక్‌లోనే కుర్దులు నివసించే హలబ్జా పట్టణంపై విమానాల నుంచి విషవాయువులు కురిపించారు. చనిపోయినవారు సుమారు అయిదువేల మంది. వారిలో స్త్రీలు, పసిపిల్లలు ఎందరో ఉన్నారు.

రోగక్రిములతో చేసే ఆయుధాలను జీవాయుధాలు అంటారు. వీటి కథ మరొక పాఠం నేర్పుతుంది. 1972లో సంతకాలకు సిద్ధమైన జీవాయుధాల ఒడంబడిక 1975లో అమలులోకి వచ్చింది. తయారీని, నిల్వను కూడా నిషేధించడం దీని గొప్పదనం. కాని తనిఖీ చేసే ఏర్పాటు ఇందులో కూడా లేదు. 1979లో సోవియట్ యూనియన్‌లోని స్వెర్ద్‌లోవ్‌స్క్ నగరంలో ఆంత్రాక్స్ వ్యాధి సోకి 60 మందికి పైగా మరణించారు. చెడిపోయిన మాంసం తిన్నందువల్లనే ఇలా జరిగిందని అప్పటి ప్రభుత్వం చెప్పింది. అసలు కారణం అక్కడి సైనిక కేంద్రమేనన్న సంగతిని రష్యా అధ్యక్షుడు బోరిస్ ఎల్త్సిన్ 1992లో అంగీకరించాడు. ఒడంబడికపై సంతకం చేసిన దేశమే రహస్యంగా జీవాయుధాలు తయారుచేస్తూ వచ్చింది. లోపలికి వెళ్లి చూసే హక్కు ఎవరికీ లేకపోవడంతో ఆ రహస్యం చాలాకాలం దాగింది.

ఈ అనుభవాలన్నీ ఒక విషయాన్ని తేటతెల్లం చేశాయి. మాట ఇవ్వడం ఎంత అవసరమో, ఆ మాట నిలుస్తున్నదీ లేనిదీ చూసే ఏర్పాటు కూడా అంతే అవసరం. ఒక చెరువు కింద పదిమంది రైతులు సాగు చేసుకుంటున్నారని అనుకుందాం. వేసవిలో నీరు తగ్గింది. రాత్రివేళ తూము తీయబోమని అందరూ ఒట్టు వేసుకున్నారు. అయినా ఎవరికీ నిద్ర పట్టదు. పక్కవాడు తీస్తాడేమోనని ప్రతి ఒక్కరికీ అనుమానమే. ఆ అనుమానమే చివరకు ఒక మంచి రైతును కూడా తూము దగ్గరకు నడిపిస్తుంది. అందుకే పెద్దలు నీరుగంటిని నియమించారు. అతడు ఎవరి పక్షమూ వహించడు. అందరి మళ్లూ చూస్తాడు, తూముపై కన్ను వేసి ఉంచుతాడు. అతడు ఉన్నాడన్న ధైర్యంతో రైతులు ఇళ్లకు వెళ్లి నిద్రపోతారు.

ప్రపంచ దేశాలకు అటువంటి నీరుగంటి కావలసి వచ్చాడు. అతడిని నియమించుకోవడానికి జెనీవాలోని నిరాయుధీకరణ సభలో పన్నెండేళ్లపాటు చర్చలు జరిగాయి. అన్నిటికంటే కష్టమైన ప్రశ్న తనిఖీ. పరాయి దేశపు అధికారులను తమ సైనిక స్థావరాలలోకి, కర్మాగారాలలోకి రానివ్వడానికి ఏ దేశం ఇష్టపడుతుంది? అనుమానం ఉన్న ఏ చోటనైనా తనిఖీ చేయవచ్చునన్న ప్రతిపాదనను 1984లో అమెరికా తెచ్చింది. సోవియట్ యూనియన్ మొదట ఒప్పుకోలేదు. 1987 ఆగస్టులో తన వైఖరి మార్చుకొని తనిఖీలకు అంగీకరించింది. ఆ అక్టోబరులోనే షిఖానీ అనే సైనిక కేంద్రానికి విదేశీ దౌత్యవేత్తలను పిలిచి తన రసాయనాయుధాలను చూపించింది. అంతవరకు గుట్టుగా ఉంచినదానిని బయటపెట్టడంతో ఇరుపక్షాల మధ్య నమ్మకం కొంత పెరిగింది.

చివరకు 1992లో రసాయనాయుధాల నిషేధ ఒడంబడిక సిద్ధమైంది. 1993 జనవరి 13న పారిస్‌లో సంతకాలు మొదలయ్యాయి. మూడు రోజులలో 130 దేశాలు సంతకం చేశాయి. భారతదేశం జనవరి 14న సంతకం చేసింది. సంతకంతోనే ఒడంబడిక అమలులోకి రాదు. ప్రతి దేశమూ తన చట్టాల ప్రకారం దానిని ధ్రువీకరించాలి. 65 దేశాలు ధ్రువీకరించిన 180 రోజులకు, అనగా 1997 ఏప్రిల్ 29న, ఒడంబడిక అమలులోకి వచ్చింది. దానిని పర్యవేక్షించడానికి రసాయనాయుధాల నిషేధ సంస్థ హేగ్ నగరంలో ఏర్పడింది. 1899లో తొలిమాట ఇచ్చిన నగరంలోనే ఆ మాటకు కాపలా కాసే సంస్థ వెలిసింది.

ఈ ఒడంబడిక ఎలా పనిచేస్తుంది? సభ్యదేశం ముందుగా తన వద్ద ఉన్న రసాయనాయుధాల లెక్క చెప్పాలి. వాటిని, తయారుచేసే కర్మాగారాలను నాశనం చేయాలి లేదా శాంతియుత పనులకు మార్చాలి. నాశనం చేయడం అంటే సముద్రంలో పారవేయడమో, గోతిలో పూడ్చడమో కాదు. అవి రెండూ నిషిద్ధమే. తనిఖీదారుల ఎదుట, ప్రజలకూ పర్యావరణానికీ హాని కలగని పద్ధతిలో ఆ పని చేయాలి.

మామూలు పరిశ్రమలలో వాడే రసాయనాల మాటేమిటి? థయోడైగ్లైకాల్ అనే పదార్థాన్ని సిరాలు, రంగుల తయారీలో వాడతారు. దానితోనే మస్టర్డ్ వాయువును కూడా తయారు చేయవచ్చు. దానిని పూర్తిగా నిషేధిస్తే పరిశ్రమలకు నష్టం. పూర్తిగా విడిచిపెడితే లోకానికి ప్రమాదం. అందుచేత ఒడంబడిక రసాయనాలను మూడు జాబితాలుగా విభజించింది. ఆయుధంగా తప్ప వేరే ఉపయోగం దాదాపు లేనివి మొదటి జాబితాలో ఉన్నాయి. వాటిపై ఆంక్షలు మిక్కిలి కఠినం. పరిశ్రమలలో కొద్దిగా వాడేవి రెండవ జాబితాలోను, విరివిగా వాడేవి మూడవ జాబితాలోను చేరాయి. వీటిని నిర్ణీత పరిమాణానికి మించి ఉత్పత్తి చేసే కర్మాగారాలు లెక్కలు చూపాలి, తనిఖీకి తలుపులు తెరవాలి. ఇది కాక, ఒక సభ్యదేశం మాట తప్పిందని అనుమానం వస్తే అక్కడ ఆకస్మిక తనిఖీ జరపాలని మరొక సభ్యదేశం కోరవచ్చు.

ఈ ఒడంబడికలో పెద్ద దేశానికి ఒక నియమం, చిన్న దేశానికి ఒక నియమం లేవు. 1968 నాటి అణ్వస్త్ర వ్యాప్తి నిరోధక ఒప్పందం అలాంటిది కాదు. అది 1967కు పూర్వం అణ్వస్త్ర పరీక్ష జరిపిన అయిదు దేశాలను అణ్వస్త్ర దేశాలుగా గుర్తించి, మిగిలినవారు అణ్వస్త్రాలు తయారు చేయకూడదన్నది. ఈ తేడా సమంజసం కాదని భారతదేశం దానిపై సంతకం చేయలేదు. రసాయనాయుధాల ఒడంబడిక అందరికీ ఒకే కొలత పెట్టింది కాబట్టి దానిలో మనస్ఫూర్తిగా చేరింది. 1997లో భారతదేశం తన వద్ద రసాయనాయుధాలు ఉన్నాయని ప్రకటించింది. వెయ్యి టన్నులకు పైగా ఉన్న ఆ నిల్వలను తనిఖీదారుల ఎదుట విడతలు విడతలుగా నాశనం చేసి, 2009లో ఆ పని ముగించింది. అల్బేనియా, దక్షిణ కొరియాల తరువాత ఇలా పూర్తిచేసిన మూడవ దేశం మనదే.

సభ్యదేశాలన్నీ కలిసి ప్రకటించిన రసాయనాయుధాల బరువు 72 వేల టన్నులకు పైమాటే. రష్యా 2017లో తన నిల్వలను తుదముట్టించింది. 2023 జూలై 7న అమెరికాలోని కెంటకీ రాష్ట్రంలో ఆ దేశపు చివరి రసాయనాయుధాన్ని నాశనం చేశారు. దానితో ప్రపంచంలో ప్రకటిత నిల్వలన్నీ అంతరించాయి. ఒడంబడికలో నేడు 193 దేశాలు ఉన్నాయి. కొద్ది దేశాలు మాత్రమే బయట మిగిలాయి. ఈ సంస్థ కృషికి 2013లో నోబెల్ శాంతి బహుమతి లభించింది.

అయితే కథ ఇంతటితో ముగియలేదు. 2013 ఆగస్టులో సిరియా రాజధాని డమాస్కస్ శివార్లలో సారిన్ అనే విషవాయువు వందలాది ప్రజలను బలిగొన్నది. ఆ తరువాత అంతర్జాతీయ ఒత్తిడికి లొంగి సిరియా ఒడంబడికలో చేరింది. సుమారు 1,300 టన్నుల రసాయనాలను అప్పగించింది. అయినా 2017 ఏప్రిల్‌లో ఖాన్ షేఖూన్ పట్టణంలో మళ్లీ సారిన్ ప్రాణాలు తీసింది. సిరియా చెప్పిన లెక్క పూర్తికాదని తేలింది. ఎంత మంచి నీరుగంటి అయినా తనకు చూపని తూమును కాపలా కాయలేడు. ఆకస్మిక తనిఖీ జరపాలని ఇంతవరకు ఏ దేశమూ కోరనే లేదు. జీవాయుధాల ఒడంబడికకు తనిఖీ ఏర్పాటు చేర్చాలని జరిగిన చర్చలు 2001లో ఫలితం లేకుండా ఆగిపోయాయి.

అయినప్పటికీ సాధించినది తక్కువేమీ కాదు. ఒకప్పుడు దేశాలు గొప్పగా దాచుకున్న ఆయుధాన్ని నేడు తన వద్ద ఉందని చెప్పుకోవడానికి ఏ దేశమూ సాహసించడం లేదు. ప్రయోగించినవారు సైతం తాము ప్రయోగించలేదనే బుకాయిస్తున్నారు. ఈ మార్పు ఒక్క యుద్ధంలో గెలవడం వల్ల రాలేదు. ఏళ్ల తరబడి బల్ల చుట్టూ కూర్చుని ఒక్కొక్క వాక్యాన్నీ సరిదిద్దిన దౌత్యవేత్తల ఓర్పు వల్ల, ముసుగులు తొడుక్కొని ఒక్కొక్క గుండునూ లెక్కపెట్టిన తనిఖీదారుల శ్రమ వల్ల వచ్చింది. దేశాల మధ్య నమ్మకం అడిగితే వచ్చేది కాదు. తలుపు తెరిచి లెక్క చూపినప్పుడే అది కొద్దికొద్దిగా పెరుగుతుంది.