బడి మూస్తే బిడ్డను చూసేదెవరు?

బేస్తవారిపేట చుట్టుపక్కల మిరప కోతలకు గుంటూరు వైపు, బేల్దారి పనులకు బెంగళూరు, హైదరాబాదు పోయే కుటుంబాలు చాలానే ఉన్నాయి. 2020 మార్చిలో కోవిడ్ లాక్‌డౌన్ పడి బడులు మూతపడగానే, పనులు పోయినా పిల్లలు కళ్ల ముందే ఉన్నారులే అనుకున్నవాళ్లున్నారు. ఆ ధీమా వెనుక కొన్ని అపోహలున్నాయి.

అపోహ: ఆ ఏడాది కేసులు తగ్గాయి, అంటే పిల్లలు క్షేమంగా ఉన్నట్టే.

వాస్తవం: దేశంలో పిల్లలపై నేరాల కేసులు 2019లో 1,48,185 ఉంటే 2020లో 1,28,531కి దిగాయి. కాగితం మీద మంచి కబురే. కానీ 2020 మార్చి 20 నుంచి 31 దాకా పిల్లల సాయం నంబరు 1098కు వచ్చిన 3.07 లక్షల ఫోన్లలో 92,105 హింస నుంచి కాపాడమంటూ వచ్చినవి. 2021లో కేసులు మళ్లీ 1,49,404కు ఎగబాకాయి. నేరం తగ్గిందనడం కంటే బయటపెట్టేవాళ్లు తగ్గారనడమే సబబు. చేతి మీద వాతనూ, బెంచీ మీద సరిగా కూర్చోలేని పిల్లనూ ముందు పసిగట్టేది టీచరమ్మే. మన ఆంధ్రప్రదేశ్‌లో చిన్న తరగతులు 2021 ఫిబ్రవరి 1న గానీ మళ్లీ మొదలుకాలేదు. మధ్యాహ్న భోజనం బదులు బియ్యం, గుడ్లు, చిక్కీ ఇంటికొచ్చాయి. ఆ చూసే కన్ను మాత్రం రాలేదు.

అపోహ: ఇలాంటివి చేసేది ఊరూపేరూ తెలియనివాళ్లు.

వాస్తవం: కేంద్ర ప్రభుత్వం ఆంధ్రప్రదేశ్ సహా 13 రాష్ట్రాల్లో జరిపి 2007లో వెలువరించిన అధ్యయనంలో, లైంగిక వేధింపులకు పాల్పడ్డవారిలో సగం మంది పిల్లలకు తెలిసినవాళ్లు, నమ్మకస్తులే. ఇంట్లో దెబ్బలు తిన్న పిల్లల్లో 88.6 శాతం మందిని కొట్టింది కన్నవాళ్లే.

అపోహ: మగపిల్లలకేం భయం?

వాస్తవం: అదే అధ్యయనంలో లైంగిక వేధింపుల గురించి చెప్పినవారిలో సగానికి పైగా మగపిల్లలే.

అపోహ: పిల్లలు లేనిపోనివి కల్పించి చెబుతారు.

వాస్తవం: పసివాళ్లు నేరుగా చెప్పడమే అరుదు. "నేను మామ దగ్గర పడుకోను" అంటారు, అంతే. నానమ్మ "ఏం గారాబమే నీకు" అని కసిరితే ఆ నోరు మళ్లీ తెరుచుకోదు. మాన్పిన పక్కతడుపు మళ్లీ మొదలైనా, ఒకరు గుమ్మంలోకి రాగానే బిడ్డ అమ్మ వెనక్కి నక్కినా ఎందుకని ఆరా తీయాలి. అరిచి అడిగితే మాత్రం ఏమీ రాదు.

అపోహ: ఇంటి గుట్టు బయటపెడితే పరువు పోతుంది, పిల్లను స్టేషను చుట్టూ తిప్పాలి.

వాస్తవం: పరువు పోయేది చేసినవాడిదే అని మనవాళ్లకు ఎందుకు తోచదో! 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం పిల్లలపై లైంగిక నేరం జరిగిందని తెలిసీ చెప్పకపోతే ఆరు నెలల దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. వాంగ్మూలం బిడ్డ ఇంట్లోనే తీసుకోవచ్చు. వచ్చే పోలీసు యూనిఫాంలో ఉండకూడదు, వీలైనంత వరకు మహిళా ఎస్సై అయి ఉండాలి. బిడ్డ పేరు, ఊరు పత్రికల్లో రాకూడదు. పక్కింటివాళ్లయినా 1098కు గానీ 112కు గానీ ఫోన్ చేయవచ్చు. మంచి ఉద్దేశంతో చెప్పినవాళ్ల మీద ఏ కేసూ నిలవదని అదే చట్టంలో ఉంది.